మళ్లీ పూత వేసిన యుద్ధకాలపు జర్మన్ పిస్టల్: పుట్టుపూర్వోత్తరాలు తేల్చడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన పిస్టళ్లు ఇవాళ సేకరణల్లో, వేలంపాటల్లో చాలానే కనిపిస్తాయి. వాటిలో ఎన్నింటి మీదో ఫ్యాక్టరీలో వేసిన పూత ఉండదు. సోవియట్ ఆయుధాగారంలోనో, తూర్పు జర్మనీ పోలీసుల వర్క్‌షాపులోనో, అమెరికాలో ఏదో ఊరి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరో మళ్లీ పాలిష్ పట్టి, మళ్లీ నలుపెక్కించిన పూత అది. "రీఫినిష్ చేశారు, ఇక దీనికి చరిత్ర లేదు" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. అది తొందరపాటు. రెండో పూత కూడా ఒక చేతి సంతకమే. ఎవరు వేశారో తేలితే, యుద్ధం ముగిశాక ఆ పిస్టల్ ఏ దారిన నడిచిందో కూడా తేలుతుంది.

ఈ పేజీలో ఎక్కువగా వాల్తర్ పి.38 గురించి, కొంత లూగర్ పి.08 గురించి చెప్పాం. సేకరణకారులకు ఎక్కువగా తారసపడేవి ఈ రెండే.

పిస్టల్ చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

ఖాళీగా ఉందో లేదో చూడాలి. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. పి.38లో సుత్తికి పైన చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. ఛాంబర్‌లో తూటా ఉంటే అది బయటికి పొడుచుకొస్తుంది. కానీ 80 ఏళ్ల పిస్టల్‌లో ఆ పిన్నును నమ్మి ఊరుకోకూడదు.

ఇంకో జాగ్రత్త. పి.38లో సేఫ్టీ మీటను కిందికి నొక్కితే ఎత్తి ఉన్న సుత్తి కిందికి పడుతుంది, ఫైరింగ్ పిన్నును (తూటాను పేల్చే సూదిని) ఒక అడ్డు ఆపి ఉంచుతుంది. ఆ భాగాలు అరిగిపోయినా, వేరే పిస్టల్ నుంచి తెచ్చి అమర్చినా ఆ అడ్డు పనిచేయకపోవచ్చు. మళ్లీ పూత వేసిన వాటిలో భాగాలు కలగాపులగంగా ఉండటం మామూలే. అందుకే ఛాంబర్‌లో తూటా ఉండగా ఆ మీటను నొక్కి చూడకండి.

పరీక్షకు ఏమేం కావాలి?

10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక పక్క నుంచి వాలుగా వేయగల చిన్న టార్చి, ఒక అయస్కాంతం, గ్రిప్పుల (పిడి పక్కల బిగించిన పలకల) స్క్రూకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్, మెత్తని గుడ్డ, కొంచెం గన్ ఆయిల్. ఇంతే. స్టీల్ ఉల్, పాలిష్ పేస్టు, తుప్పు వదిలించే ద్రావణాలు దగ్గరికి రానీయకండి. మీరు వెతికే ఆనవాళ్లనే అవి తుడిచేస్తాయి.

మళ్లీ పూత వేశారని ఎలా పట్టుకోవాలి?

రంగుతో మొదలుపెట్టకండి. లోహంతో మొదలుపెట్టండి.

ఒకటి, తుప్పు గుంటలు. లోహం మీద పిన్నుపోటు అంత గుంటలు ఉండి, వాటి అడుగున కూడా నల్లటి పూత నిండి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. తుప్పు ముందు, పూత తర్వాత. అసలు పూత మీద తుప్పు పడితే గుంట అడుగున పూత మిగలదు. గోధుమరంగు తుప్పో, బూడిదరంగు లోహమో కనిపిస్తుంది.

రెండు, అంచులు. స్లైడ్ మీద పలకలు కలిసే చోట గీత వాడిగా ఉండాలి. బఫింగ్ చక్రం మీద పట్టిన పిస్టల్‌లో ఆ అంచు సబ్బుబిళ్ల అంచులా గుండ్రంగా తిరుగుతుంది. పిన్నుల రంధ్రాలు, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం గరాటు నోరులా లోపలికి జారుతుంది. టార్చిని వాలుగా వేస్తే చదునుగా ఉండాల్సిన పక్కలు అలలు అలలుగా కనిపిస్తాయి.

మూడు, ముద్రలు. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. అచ్చుతో కొట్టిన ముద్ర లోహంలోకి దిగినప్పుడు పక్కకు జరిగిన లోహం గీత చుట్టూ సన్నటి గట్టులా లేస్తుంది. పొలంలో నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు. వాల్తర్ పి.38 కుడి పక్క స్లైడ్ మీద భూతద్దం పెట్టండి. వరుసగా మూడు ముద్రలుంటాయి: గద్ద కింద 359, మధ్యలో గద్ద కింద స్వస్తిక, మళ్లీ గద్ద కింద 359. పాలిష్ తగలని ముద్రలో గద్ద రెక్కల ఈకలు విడివిడిగా ఉంటాయి, 3 అంకె కొసలు కత్తిరించినట్టు ఉంటాయి. వేలిగోరు మెల్లగా పోనిస్తే గట్టు తగులుతుంది. పాలిష్ పట్టిన దానిలో ముందు ఆ గట్టు పోతుంది, తర్వాత ఈకలు పోతాయి. చివరికి గద్ద స్థానంలో రెక్కలు చాచిన మచ్చ ఒక్కటే మిగులుతుంది.

నాలుగు, దాచిన చోట్లు. గ్రిప్పులు విప్పి, వాటి కింద ఫ్రేమ్ (పిడితో కూడిన ప్రధాన భాగం) చూడండి. బయట ఒక రంగు, గ్రిప్పు కింద మరో రంగు ఉండి, మధ్యలో గ్రిప్పు అంచు ఆకారంలో గీత కనిపిస్తే, ఎవరో విప్పకుండానే పైపైన కోల్డ్ బ్లూ (వేడి అవసరం లేకుండా రుద్దే నలుపు మందు) రుద్దారని అర్థం. లోపలి చిన్న భాగాలతో సహా అన్నీ ఒకే నిగనిగలాడే నలుపులో ఉంటే, మొత్తం విప్పి తొట్టిలో ముంచారని అర్థం.

మరి ఫ్యాక్టరీ పూత ఎలా ఉండేది?

సంవత్సరాన్ని బట్టి మారింది. 1940, 41లో వచ్చిన వాల్తర్ పిస్టళ్ల మీద చక్కటి పాలిష్, లోతైన నీలినలుపు. 1942 నుంచి పాలిష్ తగ్గింది. 1944, 45లో మిల్లింగ్ యంత్రం గీతలు అలాగే ఉండగా పూత వేశారు. పి.38ను తయారుచేసిన మరో ఫ్యాక్టరీ స్ప్రీవెర్క్ పని అన్నింటికంటే గరుకు. మూడో ఫ్యాక్టరీ మౌజర్ చివరి రోజుల్లో కొన్ని భాగాలకు ఫాస్ఫేట్ బూడిదరంగు, కొన్నింటికి నలుపు వేయడంతో ఒకే పిస్టల్ రెండు రంగుల్లో కనిపిస్తుంది.

కాబట్టి గరుకుగా ఉందని, రంగులు కలవలేదని ఒక 1944 పిస్టల్‌ను రీఫినిష్ అనేయకూడదు. దానికి విరుద్ధంగా, 1945 ముద్ర ఉండి అద్దంలా మెరుస్తుంటేనే అనుమానించాలి. ఆ ఏడాది అలాంటి పాలిష్ పట్టే తీరిక ఏ ఫ్యాక్టరీకీ లేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఏ ఫ్యాక్టరీలో తయారైందో ఎలా తెలుస్తుంది?

స్లైడ్ ఎడమ పక్క చూడండి. పి.38 అన్న అక్షరాలతో పాటు తయారీదారు సంకేతం చిన్న రోమన్ అక్షరాల్లో ఉంటుంది. శత్రువుకు ఫ్యాక్టరీ పేరు తెలియకూడదని ఈ సంకేతాలు పెట్టారు.

వాల్తర్ ఫ్యాక్టరీ థురింగియాలోని జెల్లా-మేలిస్‌లో ఉండేది. మొట్టమొదటి సైనిక పిస్టళ్ల మీద వాల్తర్ జెండా గుర్తు, సున్నాతో మొదలయ్యే సీరియల్ నంబర్ ఉంటాయి. వీటిని జీరో సిరీస్ అంటారు. 1940లో కొంతకాలం 480 అనే అంకె వాడారు. తర్వాత ఏసీ వచ్చింది. మొదట సంవత్సరం లేకుండా, ఆపైన ఏసీ 40 నుంచి ఏసీ 45 దాకా.

మౌజర్, ఓబర్న్‌డోర్ఫ్: 1942 చివరి నుంచి బీవైఎఫ్ 42, తర్వాత బీవైఎఫ్ 43, 44. 1945లో సంకేతం ఎస్‌వీడబ్ల్యూగా మారింది.

స్ప్రీవెర్క్ ఫ్యాక్టరీ గ్రొట్టావులో ఉండేది. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లోని హ్రాదెక్ నాద్ నిసో. సంకేతం సీవైక్యూ. సంవత్సరం వేయలేదు. అచ్చులో వై అక్షరం తోక విరిగిపోవడంతో చివరి పిస్టళ్ల మీద అది సీవీక్యూ లాగా కనిపిస్తుంది. అదేదో నాలుగో ఫ్యాక్టరీ అనుకోకండి.

మూడు ఫ్యాక్టరీలూ కలిపి యుద్ధం ముగిసేలోపు పది లక్షలకు పైగా పి.38లు తయారుచేశాయి.

గద్ద కింద అంకెలు దేనికి?

అవి సైనిక ఆయుధ విభాగం వారి తనిఖీ ముద్రలు, వాఫెన్‌ఆమ్ట్ ముద్రలు. పి.38 విషయంలో వాల్తర్‌కు 359, మౌజర్‌కు 135, స్ప్రీవెర్క్‌కు 88. గద్ద కింద స్వస్తిక మాత్రం తనిఖీ ముద్ర కాదు, కాల్చి పరీక్షించాక వేసిన ముద్ర.

పాలిష్ వల్ల సంకేతం చెరిగిపోయినా ఈ అంకెల్లో ఒక్కటి దొరికితే చాలు, స్లైడ్ ఏ ఊరిదో తెలుస్తుంది. అయితే బయటి ఫ్యాక్టరీలు కూడా భాగాలు పంపేవి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెల్జియంలోని ఎఫ్ఎన్ ఆయుధ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫ్రేములు, స్లైడ్ల మీద 140 ఉంటుంది. ప్రాగ్ నుంచి వచ్చిన బ్యారెళ్ల మీద ఎఫ్ఎన్‌హెచ్, 76 ఉంటాయి. మ్యాగజైన్ మీద జేవీడీ, 706 కనిపిస్తే అదీ యుద్ధకాలపు అసలు సరఫరాయే. వేరే అంకె కనిపించగానే "భాగం మార్చేశారు" అని తేల్చకుండా, ఆ అంకె ఈ జాబితాలో ఉందేమో చూడండి.

సీరియల్ నంబర్లు ఎక్కడెక్కడ ఉండాలి? కలవకపోతే?

స్లైడ్ ఎడమ పక్క, ఫ్రేమ్ ఎడమ పక్క, బ్యారెల్ మీద. ఈ మూడూ కలవాలి. నంబరు నాలుగంకెల దాకా వెళ్లి, తర్వాత అంకెల చివర ఎ, బి, సి అంటూ చిన్న రోమన్ అక్షరం చేరుతుంది. వాల్తర్ ప్రతి ఏడూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అంటే ఒకే అంకెలతో వేర్వేరు సంవత్సరాల పిస్టళ్లు ఉంటాయి. సంవత్సరం, అంకె, అక్షరం మూడూ కలిపి రాసుకుంటేనే అది పూర్తి నంబరు. పాలిష్‌లో ముందుగా మాయమయ్యేది ఆ చివరి అక్షరమే కాబట్టి వాలు వెలుతురులో దాన్ని ప్రత్యేకంగా వెతకండి.

నంబర్లు కలవకపోతే భాగాలు మారాయని అర్థం. కలిస్తే మాత్రం వెంటనే సంబరపడకండి. అంకెల అచ్చు పోలిక చూడండి. స్లైడ్ మీది 4, ఫ్రేమ్ మీది 4 ఒకే ఎత్తులో, ఒకే ఆకారంలో ఉన్నాయా? ఒక చోట అంకెల కింద లోహం కొంచెం పల్లంగా ఉందా? పల్లంగా ఉంటే పాత నంబరు గీకేసి కొత్తది కొట్టారు. సేకరణకారులు దీన్ని బలవంతపు మ్యాచింగ్ అంటారు. సోవియట్ వర్క్‌షాపుల్లో ఇది మోసం కోసం చేసింది కాదు, లెక్క సరిపోవడానికి చేసింది. ఇవాళ అమ్మకందారు చేస్తే మాత్రం అది మోసమే.

సోవియట్ ఆయుధాగారాల నుంచి వచ్చిందని ఎలా చెప్పాలి?

రీఫినిష్ చేసిన పి.38 కనిపిస్తే ముందు ఈ అవకాశాన్నే చూడాలి. ఎర్రసైన్యం స్వాధీనం చేసుకున్న ఆయుధాలను యుద్ధం తర్వాత కుప్పలుగా పోసి, ఒక్కొక్కటీ విప్పి, శుభ్రం చేసి, వేడి ఉప్పు ద్రావణంలో ముంచి నలుపెక్కించి, ఏ భాగం దొరికితే అది బిగించి, గ్రీజు పూసి దశాబ్దాల తరబడి నిల్వ ఉంచారు. సోవియట్ యూనియన్ విడిపోయాక అవి పెద్ద సంఖ్యలో పశ్చిమ దేశాల మార్కెట్లకు వచ్చాయి.

ఆనవాళ్లు ఇవి. పూత మందంగా, నల్లగా, ఒక్కోసారి వంగపండు ఛాయతో ఉంటుంది. స్లైడ్, సుత్తి, ట్రిగ్గర్, మీటలు, లోపలి భాగాలు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. తుప్పు గుంటల మీదుగానే పూత పోయి ఉంటుంది, ఎందుకంటే అందం వాళ్ల లక్ష్యం కాదు. ఫ్రేమ్ ఎడమ పక్క ఇంటూ గుర్తు లాంటి ముద్ర ఉండొచ్చు. రెండు గీతలు అడ్డంగా దాటినట్టు, కొన్నిసార్లు అడ్డంగా పెట్టిన రెండు తుపాకుల్లా ఉంటుంది. అది లేనంత మాత్రాన సోవియట్ పిస్టల్ కాదనలేం. చిన్న భాగాల మీద, మ్యాగజైన్ మీద ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో (లోహం మీద గీసే పరికరంతో) చేత్తో రాసిన నంబర్లు ఉంటాయి. చుక్కలు చుక్కలుగా వణికినట్టున్న గీత అది, అచ్చుతో కొట్టిన ముద్ర కాదు. స్వస్తికను కొన్నింటిలో కొట్టేశారు, కొన్నింటిలో అలాగే వదిలేశారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్లైడ్ మీద ఏసీ 43, గద్ద 359. ఫ్రేమ్ మీద గద్ద 88. బ్యారెల్ మీద గద్ద 135. మూడు చోట్లా నంబరు ఒకటే, కానీ ఫ్రేమ్ మీద, బ్యారెల్ మీద అంకెల అచ్చు వేరు. గ్రిప్పుల కింద, బయటా ఒకే నలుపు. ట్రిగ్గర్ గార్డు మీద గుంటలు, గుంటల్లో పూత. ఇక్కడ మూడు ఫ్యాక్టరీల భాగాలు ఒక్క పిస్టల్‌లో చేరాయి. ఇంటూ గుర్తు లేకపోయినా ఇది పెద్ద ఆయుధాగారంలో జరిగిన పని, చాలామటుకు సోవియట్ పనే. ఊళ్లో ఉండే గన్‌స్మిత్ దగ్గర ఇన్ని రకాల భాగాల కుప్ప ఉండదు.

తూర్పు జర్మనీ పోలీసుల పిస్టల్‌కూ దీనికీ తేడా ఏంటి?

తూర్పు జర్మనీ పీపుల్స్ పోలీస్‌ను ఫోల్క్స్‌పొలిట్సై అంటారు. సేకరణకారులు వాడే పొట్టి పేరు వోపో. వీరికి పాత జర్మన్ పిస్టళ్లే మళ్లీ అందాయి. పని సోవియట్ పని కంటే శ్రద్ధగా ఉంటుంది. కిరణాలు చిమ్మే సూర్యుడి ఆకారంలో ఒక చిన్న తనిఖీ ముద్ర ఉంటే అది తూర్పు జర్మనీదే. సేకరణకారులు దీన్ని సన్‌బర్స్ట్ అంటారు. స్వస్తికను తరచు తొలగించారు. లూగర్లలో ఇంకా తేలిక: గ్రిప్పుల మధ్యలో గురిబిళ్ల లాంటి వలయం ఉన్న ప్లాస్టిక్ గ్రిప్పులు, 2/1001 అని రాసి ఉన్న మ్యాగజైన్. అయితే గ్రిప్పులు, మ్యాగజైన్ ఐదు నిమిషాల్లో మార్చగలిగేవి. లోహం మీది ముద్ర దొరకకుండా ఆ రెండింటిని బట్టి మాత్రమే తీర్పు చెప్పకండి.

పిస్టల్ అంతా బూడిదరంగులో ఉంది. ఇదీ రీఫినిషేనా?

కాకపోవచ్చు. ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ 1945 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ సైన్యం చేతికి వచ్చింది. ఫ్రెంచి వాళ్లు అక్కడే 1946 దాకా పి.38 తయారీ కొనసాగించారు. సంకేతం ఎస్‌వీడబ్ల్యూ 45 లేదా 46, ఐదు మూలల నక్షత్రం ముద్ర, ఫాస్ఫేట్ బూడిద పూత, చాలావాటికి రేకుతో చేసిన గ్రిప్పులు. సేకరణకారులు వీటిని గ్రే ఘోస్ట్ అని పిలుస్తారు. ఈ పిస్టళ్లకు ఆ బూడిదరంగే అసలు పూత. "నలుపు పోయింది" అనుకుని దానికి నలుపెక్కిస్తే చేజేతులా పాడుచేసినట్టే.

నక్షత్రం లేకుండా, 1945కు ముందటి సంకేతం ఉండి మొత్తం బూడిదరంగులో ఉంటే అప్పుడు అనుమానించండి. పాలిష్ అవసరం లేకుండా తుప్పు మచ్చలు కప్పడానికి ఇసుకను జోరుగా చిమ్మి ఫాస్ఫేట్ వేయడం తేలికైన దారి. ఇసుక తగిలిన లోహం అంతటా ఒకే రకం గరుకుగా ఉంటుంది. ఫ్యాక్టరీ గరుకులో యంత్రం గీతలు ఒకే దిశలో నడుస్తాయి.

యుద్ధకాలపుదా, తర్వాతదా అని ఒక్క నిమిషంలో తేల్చే మార్గం ఉందా?

ఉంది. ఫ్రేమ్‌కు అయస్కాంతం పెట్టండి. యుద్ధకాలపు సైనిక పి.38 ఫ్రేమ్ ఉక్కు, కాబట్టి అంటుకుంటుంది. వాల్తర్ 1957లో ఉల్మ్ నగరంలో మళ్లీ తయారీ మొదలుపెట్టినప్పుడు అల్యూమినియం ఫ్రేమ్ వాడింది. పశ్చిమ జర్మనీ సైన్యం 1963 నుంచి దాన్ని పి1 అని పిలిచింది. తర్వాతి వాటిలో ఫ్రేమ్‌కు బలంగా ఆరు పలకల ఉక్కు కడ్డీ అడ్డంగా పెట్టారు. పి1 ముద్రలు చెరిపేసి, నలుపెక్కించి, యుద్ధకాలపుదని అమ్మజూపే వాళ్లు అయస్కాంతం దగ్గర దొరికిపోతారు.

రంగు ఎర్రగా, వంగపండు ఛాయలో ఉంది. కారణం?

వేడి ఉప్పు ద్రావణం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తుంది. ద్రావణం వేడి సరిగ్గా లేకపోయినా, ఉక్కులో సిలికాన్ వంటివి ఎక్కువున్నా, భాగాన్ని గట్టిపరిచిన తీరు వేరైనా నలుపుకు బదులు ఆ ఛాయ తేలుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొన్ని భాగాల మీద కూడా ఇది ఉంటుంది. కాబట్టి ఒక్క రంగును సాక్ష్యంగా తీసుకోకండి. గుంటలు, అంచులు, ముద్రలు కూడా అదే మాట చెప్పాలి.

నికెల్ పూత ఉన్నది జర్మన్ అధికారులకు ఇచ్చిన ప్రత్యేక పిస్టలా?

సాధారణంగా కాదు. మామూలు సైనిక పిస్టళ్లకు నికెల్ వేసి ఇవ్వలేదు. యుద్ధం నుంచి తెచ్చుకున్న జ్ఞాపికకు ఇంటికొచ్చాక మెరుపు పెట్టించుకున్నవే ఎక్కువ. ముద్రల్లోకి చూడండి. గీతల అడుగున కూడా నికెల్ నిండి, గద్ద కరిగి గడ్డకట్టినట్టుంటే అది తర్వాత వేసిందే.

సన్నటి అక్షరాల్లో ఒక కంపెనీ పేరు, ఊరు పేరు ఉన్నాయి. అవేంటి?

దిగుమతి ముద్ర. 1968 నాటి అమెరికా చట్టం తర్వాత దిగుమతి చేసుకున్న సంస్థ తన పేరు ఆయుధం మీద వేయాలి. బ్యారెల్ కింద, ఫ్రేమ్ ముందు భాగంలో, కుడి పక్క వెతకండి. అక్షరాల అడుగు తెల్లగా మెరుస్తుంటే పూత తర్వాత వేసిన ముద్ర అని అర్థం. అంటే పూత విదేశంలో వేశారు. అక్షరాల్లోపల కూడా నలుపు ఉంటే, దిగుమతయ్యాక అమెరికాలోనే ఎవరో మళ్లీ పూత వేయించారు. ఒక్క అక్షరం అడుగున ఉన్న రంగు ఇంత చెబుతుంది.

దిగుమతి ముద్ర లేకుండా, ఇంటూ గుర్తు లేకుండా, నంబర్లన్నీ కలిసి ఉంటే, అమెరికన్ సైనికుడు యుద్ధం నుంచి తెచ్చుకున్నది అయ్యే అవకాశం ఎక్కువ. దానితో పాటు సైన్యం ఇచ్చిన అనుమతి పత్రం ఉండి, అందులో నంబరు రాసి ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

లూగర్ పి.08 విషయంలో ఏం చూడాలి?

లూగర్‌లో నంబర్లు ఇంకా ఎక్కువ చోట్ల ఉంటాయి. పూర్తి నంబరు కాకుండా, చివరి రెండంకెలు ట్రిగ్గర్, పక్క పలక, విప్పే మీట, టాగుల్ (లూగర్ పైన మోకాలిలా మడిచే కీలు) భాగాల వంటి చిన్న భాగాల మీద విడివిడిగా కొట్టారు. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకోండి.

యుద్ధకాలపు లూగర్లు ఎక్కువగా మౌజర్‌వి. టాగుల్ మీద మొదట ఎస్/42, తర్వాత 42, 1941 నుంచి బీవైఎఫ్. సైన్యానికి సరఫరా 1942తో ముగిసింది. తనిఖీ అంకెలు కాలాన్ని బట్టి 63, 655, 135గా మారాయి. 1941 తేదీ ఉన్న ఛాంబర్, 63 ఉన్న బ్యారెల్ ఒకే పిస్టల్‌లో కనిపిస్తే రెండూ ఒకే రోజు పుట్టలేదు.

బ్యారెల్ కింది భాగం తప్పనిసరిగా చూడాలి. అక్కడ నంబరుతో పాటు 8,82, 8,83 వంటి కొలత ఉంటుంది. అది బ్యారెల్ లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో. బ్యారెల్, రిసీవర్ (బ్యారెల్ బిగించే వెనక భాగం) కలిసే చోట రెండింటి మీదుగా ఒకే ఉలి దెబ్బతో వేసిన సన్నటి గీత ఉంటుంది. ఆ గీత రెండు ముక్కలూ ఒకే వరుసలో లేకపోతే, లేదా రెండు గీతలుంటే బ్యారెల్ మార్చారు.

రిసీవర్ కుడి పక్క తనిఖీ ముద్రల చుట్టూ లేత వలయం లాంటి ఛాయ ఉంటే అది అసలు పూతకు మంచి గుర్తు. పూత మీద నుంచి ముద్ర పడటం వల్ల అది ఏర్పడింది. మొత్తం మళ్లీ ముంచితే ఆ వలయం మాయమవుతుంది. ఇంకో తేడా: మౌజర్ 1937 దాకా ట్రిగ్గర్, సేఫ్టీ మీట వంటి చిన్న భాగాలకు ఎండుగడ్డి రంగు వచ్చేలా వేడిచేసేది. ఆ తర్వాత అవి కూడా నలుపే. 1941 లూగర్ మీద బంగారు రంగు మీటలు మెరుస్తుంటే, అందం కోసం తర్వాత ఎవరో చేసిన పని.

వేరే పిస్టళ్ల సంగతి?

సూత్రం ఒకటే, అంకెలు వేరు. బెల్జియం బ్రౌనింగ్ హై-పవర్ మీద 613, 103, 140. పోలండ్ రాడోమ్ విస్ మీద 77. చెక్ సీజెడ్ 27 మీద ఎఫ్ఎన్‌హెచ్, 76.

అరుదైన ముద్ర ఉందని ఎక్కువ ధర చెబుతున్నారు. నమ్మొచ్చా?

పక్కనున్న ముద్రతో పోల్చండి. పాలిష్ వల్ల తనిఖీ ముద్రలన్నీ అరిగిపోయి, ఎస్ఎస్ అనే నాజీ దళం రూను అక్షరాలో, పుర్రె గుర్తో మాత్రం కొత్తగా గట్టుతో సహా నిలబడితే, అది పాలిష్ తర్వాత కొట్టింది. పాలిష్ చక్రానికి ఏ ముద్ర అరుదైనదో తెలియదు, అన్నింటినీ ఒకేలా అరగదీస్తుంది. రీఫినిష్ పిస్టల్ మీద అరుదైన ముద్రకు డబ్బు పెట్టి నష్టపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ తప్పు చేయకండి.

మళ్లీ అసలు పూత లాగా చేయిస్తే విలువ పెరుగుతుందా?

పెరగదు. సోవియట్ పూత ఉన్న పిస్టల్‌కు అసలు పూత ఉన్నంత ధర రాదు, నిజమే. కానీ దానికి ఒక చరిత్ర ఉంది. ఇంకోసారి పాలిష్ పట్టిస్తే ఆ చరిత్ర కూడా పోయి, ముద్రలు ఇంకొంచెం అరిగిపోయిన, ఎవరికీ చెందని పిస్టల్ మిగులుతుంది. తుప్పు ఆగేలా నూనె రాసి ఉంచడం తప్ప ఇంకేమీ చేయొద్దు.

విప్పేటప్పుడు జాగ్రత్తలు?

పి.38లో స్లైడ్ వెనక్కి నిలిపి, ఫ్రేమ్ ఎడమ పక్క ముందున్న మీటను తిప్పితే స్లైడ్, బ్యారెల్ కలిసి ముందుకు వచ్చేస్తాయి. పరీక్షకు అది చాలు. స్లైడ్ పైనున్న సన్నటి రేకు మూతను మాత్రం పీకకండి. అది వంగితే సరిగ్గా కూర్చోదు, పేలినప్పుడు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. బేకలైట్ గ్రిప్పుల స్క్రూను బిగించేటప్పుడు అతిగా తిప్పితే రంధ్రం దగ్గర చీలిక వస్తుంది. కలగాపులగం భాగాలున్న పిస్టల్‌ను అర్హత గల గన్‌స్మిత్ చూడకుండా కాల్చకూడదు.

ఎలా భద్రపరచాలి?

తోలు హోల్‌స్టర్‌లో మాత్రం ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి. హోల్‌స్టర్ వేరుగా, పిస్టల్ వేరుగా ఉంచండి.

అమెరికాలో ఉన్న తెలుగువారు ఇలాంటి పిస్టల్ కొనొచ్చా? ఇండియాలో?

అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు ఆయుధం, తూటాలు కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. పిస్టల్ ఎంత పాతదైనా స్నేహితుడి దగ్గర కొనే ముందు దీన్ని సరిచూసుకోండి, రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. సీరియల్ నంబర్ చెరిపేసిన ఆయుధం దగ్గర ఉంచుకోవడమే నేరం కాబట్టి, పాలిష్‌లో నంబరు చదవలేనంతగా పోయిన పిస్టల్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.

ఇండియాలో 9 ఎంఎం పిస్టల్ పౌరులకు నిషేధిత బోర్ (తూటా పరిమాణం). సైన్యంలో పనిచేసిన తాతగారి పెట్టెలో ఇలాంటిది బయటపడితే దాచుకోకూడదు, శుభ్రం చేయకూడదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. ముందుగా లాయర్‌తో మాట్లాడి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి.

నిపుణుల అభిప్రాయం కోసం ఎలాంటి ఫోటోలు తీయాలి?

ఫ్లాష్ వాడొద్దు. కిటికీ పక్కన, వెలుతురు వాలుగా పడేలా పెట్టి తీయండి. పూర్తి ఎడమ పక్క, పూర్తి కుడి పక్క, స్లైడ్ మీది సంకేతం, కుడి పక్క మూడు ముద్రలు, మూడు చోట్ల సీరియల్ నంబర్లు, బ్యారెల్ కింద, గ్రిప్పుల కింద ఫ్రేమ్, మ్యాగజైన్ రెండు పక్కలు, అడుగు. ప్రతి ముద్రనూ రెండు దిక్కుల వెలుతురులో తీయండి. ఒక దిక్కు నుంచి కనపడని చివరి అక్షరం రెండో దిక్కు నుంచి బయటపడటం తరచు జరుగుతుంది.